బ్యాంకు రోల్స్‌లో వెండి నాణేలు, అరుదైన నాణేలు వెతకడం ఎలా

అమెరికాలో బ్యాంకు కౌంటరులో పది డాలర్లు ఇస్తే నలభై క్వార్టర్లు (పావు డాలరు నాణేలు) కాగితపు చుట్టలో, అంటే రోల్‌లో, పెట్టి ఇస్తారు. ఇంటికి తెచ్చి విప్పి, కావలసినవి ఏరుకుని, తీసినన్ని మామూలు నాణేలు కలిపి మళ్ళీ అదే పది డాలర్లకు జమ చేసుకోవచ్చు. పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు. పోయేది సమయం, కారులో పోసిన గ్యాస్. ఆ రెండూ దండగ కాకూడదంటే ఏ నాణెంలో ఏం చూడాలో ముందే తెలిసి ఉండాలి. చూపు మొదట అంచు మీద పడాలి, తర్వాత సంవత్సరం మీద, ఆ తర్వాత మింట్ మార్క్ మీద, అంటే ఏ టంకశాలలో కొట్టారో చెప్పే చిన్న అక్షరం మీద (పి ఫిలడెల్ఫియా, డి డెన్వర్, ఎస్ శాన్ ఫ్రాన్సిస్కో, డబ్ల్యూ వెస్ట్ పాయింట్). ఈ వరుస చేతికి అలవాటైతే రోల్ చూడటం నిమిషాల పని. అలవాటు కాకపోతే గంటలు గడిచినా అసలైనవి వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి.

రోల్‌లో ఎన్ని, బాక్సులో ఎన్ని

పెన్నీలు రోల్‌కు 50, అంటే 50 సెంట్లు. నికెల్స్ 40, రెండు డాలర్లు. డైమ్‌లు 50, ఐదు డాలర్లు. క్వార్టర్లు 40, పది డాలర్లు. హాఫ్ డాలర్లు 20, అవీ పది డాలర్లే. వీటిలో దేనికైనా బాక్సులో 50 రోల్స్ ఉంటాయి కాబట్టి పెన్నీ బాక్సు 25 డాలర్లు, నికెల్ బాక్సు 100, డైమ్ బాక్సు 250, క్వార్టర్ బాక్సు, హాఫ్ బాక్సు 500 చొప్పున. బరువు కూడా లెక్కలో పెట్టుకోండి. క్వార్టర్ బాక్సైనా హాఫ్ బాక్సైనా పదకొండు కిలోలు దాటుతుంది, నికెల్ బాక్సు పది కిలోలు. ఒకేసారి నాలుగు బాక్సులు ఆర్డరు చేసేముందు నడుము సంగతి కూడా ఆలోచించుకోవాలి.

రోల్స్ రెండు రకాలు. నగదు రవాణా కంపెనీలు యంత్రంతో చుట్టి రెండు చివరలూ నొక్కినవి ఒక రకం. ఖాతాదారులు ఇంట్లో చేత్తో చుట్టి తెచ్చి ఇచ్చినవి రెండో రకం. కౌంటరులో చేత్తో చుట్టినవి ఉన్నాయేమో మొదట అడగండి. ఏళ్ళ తరబడి సీసాలో పడి ఉన్న చిల్లరను ఎవరో తెచ్చి ఇచ్చి ఉండవచ్చు. అలాంటి చుట్టలో యాభై ఏళ్ళుగా ఎవరి చేతా పడని నాణేలు దొరికే వీలుంది. అయితే వీటిలో లెక్క తగ్గడం, కెనడా నాణేలు కలవడం కూడా ఉంటుంది. విప్పగానే లెక్కపెట్టండి. యంత్రపు బాక్సు తెరిచినప్పుడు అన్నీ ఒకే సంవత్సరానివి, తళతళలాడుతూ ఉంటే అవి టంకశాల నుంచి నేరుగా వచ్చినవి. పాత వెండి వాటిలో ఉండదు, బాక్సు తిరిగి ఇచ్చేయండి.

బ్యాంకుతో వ్యవహారం

ఖాతా లేని బ్యాంకులో రోల్స్ అడిగితే చాలాచోట్ల ఇవ్వరు. ఖాతా ఉన్న శాఖలో టెల్లర్‌ను (కౌంటరులో నగదు ఇచ్చే ఉద్యోగిని) ముందు ఇలా అడగండి: "హాఫ్ డాలర్లు ఏమైనా ఉన్నాయా? విడివిడిగా ఉన్నా పర్వాలేదు." హాఫ్‌లు మామూలు లావాదేవీల్లో తిరగవు కాబట్టి టెల్లర్ సొరుగులో ఓ మూల పడి ఉంటాయి. వాటిని వదిలించుకోవడం వాళ్ళకూ హాయే. బాక్సు కావాలంటే ముందుగా ఆర్డరు పెట్టాలి. కొన్ని బ్యాంకులు రుసుము తీసుకుంటాయి కాబట్టి ఆర్డరుకు ముందే అడిగి తెలుసుకోండి.

తెచ్చుకునే శాఖ వేరు, తిరిగి వేసే శాఖ వేరుగా ఉండాలి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చూసేసిన నాణేలను తెచ్చిన చోటే వేస్తే వచ్చే వారం అవే చుట్టలు మీ చేతికి వస్తాయి. పైగా కావాలని అడిగి తెప్పించుకున్న బరువును మళ్ళీ వాళ్ళ నెత్తినే పెడితే మూడోసారికి ఆర్డరు తీసుకోరు. నాణేలు లెక్కపెట్టే యంత్రమున్న శాఖ దొరికితే తిరిగి వేయడానికి అదే మేలు.

ఒక్క రోజులో పది వేల డాలర్లకు మించి నగదు లావాదేవీ జరిగితే బ్యాంకు ప్రభుత్వానికి నివేదిక పంపాలి. నాణేలు కూడా నగదే. నివేదిక వెళ్ళినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. కానీ ఆ నివేదికను తప్పించుకోవడానికి మొత్తాన్ని ముక్కలు చేసి వేయడం నేరం. ఆ జోలికి పోవద్దు.

బల్ల మీద ఉండాల్సినవి

మెత్తని బట్ట, ఒక పక్క నుంచి ఏటవాలుగా వెలుగు పడే దీపం, పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న తూకం, చిన్న అయస్కాంతం. దీపం నెత్తి మీద ఉంటే నాణెం మొత్తం ఒకేలా మెరిసి గీతలు, జంట అక్షరాలు కనబడవు. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి. బొమ్మ వైపు బొటనవేలు ఆనితే ఆ ముద్ర ఏళ్ళ తర్వాత మచ్చగా తేలుతుంది.

హాఫ్ డాలర్: వెండి కోసం మొదలుపెట్టాల్సింది ఇక్కడే

1964, అంతకు ముందు అచ్చైన డైమ్, క్వార్టర్, హాఫ్‌లలో 90 శాతం వెండి ఉంది. 1965లో డైమ్, క్వార్టర్‌ల నుంచి వెండిని పూర్తిగా తీసేశారు. హాఫ్‌లో మాత్రం 1970 వరకు 40 శాతం ఉంచారు. ఈ ఐదారేళ్ళ తేడా చాలామందికి తెలియదు. అందుకే 1967, 1968 హాఫ్‌లు ఇప్పటికీ బ్యాంకు రోల్స్‌లో కనిపిస్తుంటాయి.

రోల్ విప్పి ఇరవై నాణేలనూ పక్కపక్కన నిలబెట్టి అంచులు చూడండి. మామూలు నాణెం లోపల రాగి, పైన రాగి-నికెల్ పొరలు. అంచున గోధుమరంగు చార స్పష్టంగా కనిపిస్తుంది. 90 శాతం వెండి అంచు మొత్తం తెల్లగా, చార లేకుండా ఉంటుంది. చిక్కు 40 శాతం వాటితోనే. వాటి పై పొరల్లో వెండి ఎక్కువ, లోపల తక్కువ. అంచున లేత చార ఉండీ లేనట్టు కనిపిస్తుంది. మురికి పట్టిన మామూలు హాఫ్ కూడా అచ్చం అలాగే కనబడుతుంది. కాబట్టి హాఫ్‌ల విషయంలో అంచు చూసి ఆగిపోకండి. ప్రతి నాణెం మీదా సంవత్సరం చదవండి.

అనుమానం ఉంటే తూచండి. 90 శాతం హాఫ్ 12.5 గ్రాములు, 40 శాతం హాఫ్ 11.5, మామూలుది 11.34. అరిగిన నాణెం కొంచెం తగ్గుతుంది కాబట్టి 40 శాతానికీ మామూలుదానికీ మధ్య తూకమే తీర్పు అనుకోవద్దు, సంవత్సరమే ప్రమాణం. 1948 నుంచి 1963 వరకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ బొమ్మ, 1916 నుంచి 1947 వరకు నడుస్తున్న స్వేచ్ఛాదేవి (లిబర్టీ) బొమ్మ ఉంటాయి. అవి కనిపిస్తే సంవత్సరం చూడకుండానే పక్కన పెట్టొచ్చు. 1970లో డెన్వర్ ముద్ర ఉన్న హాఫ్ చలామణికి విడుదల కాలేదు, టంకశాల అమ్మిన సెట్లలోనే వచ్చింది. ఎవరో సెట్టు విప్పి ఖర్చు పెట్టేస్తేనే రోల్‌లోకి చేరుతుంది. 1776-1976 అని రెండు తేదీలున్న హాఫ్ చూసి మాత్రం ఉప్పొంగకండి. చలామణిలోకి వచ్చినవాటిలో వెండి లేదు. ఎస్ ముద్రతో సేకర్తల కోసం చేసినవాటిలో కొన్నింటికే 40 శాతం ఉంది.

2002 నుంచి 2020 వరకు హాఫ్‌లను చలామణి కోసం చేయలేదు, సేకర్తలకే అమ్మారు. అలాంటిది రోల్‌లో దొరికితే ఉంచుకోండి. పెద్ద ధర పలకదు గానీ సంవత్సరాల వరుస పూర్తి చేసేవారికి పనికొస్తుంది. ఎస్ ముద్ర ఉండి అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేలు (సేకర్తల కోసం ప్రత్యేకంగా కొట్టినవి) కూడా దారి తప్పి వస్తుంటాయి. 1992 నుంచి ఎస్ ప్రూఫ్‌లలో కొన్ని వెండివి, కాబట్టి వాటి అంచు తప్పక చూడాలి. 1972 డెన్వర్, 1982 ఫిలడెల్ఫియా హాఫ్‌లలో కొన్నిటి మీద బొరుసు వైపు ఉండాల్సిన 'ఎఫ్‌జి' అనే, శిల్పి పేరు పొడి అక్షరాలు లేవు. అచ్చును (నాణెం మీద బొమ్మ కొట్టే దిమ్మెను) అతిగా సాన పట్టడం వల్ల అవి చెరిగిపోయాయి. గద్ద కాలికీ తోకకూ మధ్య భూతద్దంతో వెతకండి.

వెండి విలువ లెక్క సులువు. ఆ రోజు ఔన్సు వెండి ధరను 90 శాతం హాఫ్‌కు 0.3617తో, క్వార్టర్‌కు 0.1808తో, డైమ్‌కు 0.0723తో, 40 శాతం హాఫ్‌కు 0.1479తో గుణించండి. వ్యాపారులు అరుగుదల తీసేసి డాలర్ ముఖవిలువకు 0.715 ఔన్సు లెక్కన కొంటారు. అది మోసం కాదు, వ్యాపారంలో నడిచే కొలత.

విప్పకుండా చుట్టను తూచి వెండి పట్టొచ్చా అని చాలామందికి ఆశ. ఇరవై మామూలు హాఫ్‌ల బరువు 226.8 గ్రాములు. అందులో ఒక్క 90 శాతం హాఫ్ చేరితే పెరిగేది 1.16 గ్రాములే. కాగితం తేడా, మురికి, అరుగుదల కలిస్తే అంత తేడా మామూలుగానే వస్తుంది. మొత్తం చుట్ట వెండిదైతే తప్ప తూకం చెప్పదు. విప్పి చూడటమే మార్గం.

క్వార్టర్లు, డైమ్‌లు

ఈ రెండింటిలో వెండి పట్టడానికి అంచు పరీక్ష సరిపోతుంది. నలభై క్వార్టర్ల వరుసలో తెల్ల అంచు ఒక్కటున్నా పళ్ళ వరుసలో బంగారు పన్నులా కనబడిపోతుంది. డైమ్ చిన్నది, అంచు సన్నం, వెలుగు బాగా ఉండాలి.

క్వార్టర్లలో ఇప్పుడు తప్పక చూడాల్సింది డబ్ల్యూ ముద్ర. 2019లో ఐదు డిజైన్లు, 2020లో ఐదు డిజైన్లు, ఒక్కోటి ఇరవై లక్షల చొప్పున వెస్ట్ పాయింట్ టంకశాలలో కొట్టి మామూలు చిల్లరలో కలిపేశారు. 2020వాటి మీద రెండో ప్రపంచయుద్ధం ముగిసి 75 ఏళ్ళైన గుర్తుగా 'వి75' అనే చిన్న ముద్ర కూడా ఉంటుంది. బొమ్మ వైపు 'ఇన్ గాడ్ వి ట్రస్ట్' కింద మింట్ మార్క్ చూడండి. పి, డి ఉంటే మామూలు, డబ్ల్యూ ఉంటే మీది. అంచు చూసి పక్కన పడేసిన కుప్పలోంచి ఇవి తేలవు. 2019, 2020 క్వార్టర్లను వేరు చేసి రెండోసారి చూడాల్సిందే.

2004 డెన్వర్ విస్కాన్సిన్ క్వార్టర్‌లో మొక్కజొన్న పొత్తుకు ఎడమ పక్క ఒక ఆకు అదనంగా ఉన్నవి ఉన్నాయి. కొన్నింటిలో ఆకు పైకి, కొన్నింటిలో కిందికి తిరిగి ఉంటుంది. 1976 డోలు వాయించే సైనికుడి క్వార్టర్ మాత్రం కోట్లలో అచ్చైంది, అరిగినది పావు డాలరే. 1982, 1983లలో టంకశాల మామూలుగా ఏటా అమ్మే కొత్త నాణేల సెట్లు (మింట్ సెట్లు) అమ్మలేదు. అందువల్ల ఆ రెండేళ్ళ క్వార్టర్లు కొత్తవాటిలా మెరుస్తూ, గీత లేకుండా కనిపిస్తే దాచండి.

డైమ్‌లలో 1982వి చూడండి. 1980 నుంచి ఫిలడెల్ఫియా డైమ్‌ల మీద పి ముద్ర ఉండాలి. 1982లో కొన్నింటి అచ్చు మీద దాన్ని కొట్టడం మరిచారు. ముద్ర లేని 1982 డైమ్ దొరికితే, చెరిగిపోయిన ముద్ర కాదని భూతద్దంతో నిర్ధారించుకున్నాకే సంతోషించండి.

నికెల్స్

నికెల్‌లో వెండి ఉందంటే నమ్మనివారుంటారు. యుద్ధకాలంలో నికెల్ లోహాన్ని ఆదా చేయడానికి 1942 మధ్య నుంచి 1945 చివరిదాకా 35 శాతం వెండి, 56 శాతం రాగి, 9 శాతం మాంగనీసు కలిపి కొట్టారు. గుర్తు పట్టడం తేలిక: బొరుసు వైపు భవనం గుమ్మటం పైన పెద్ద పి, డి లేదా ఎస్ అక్షరం. 1942లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి ఆ సంవత్సరానికి గుమ్మటమే చూడాలి. వీటి రంగు మాసిన బూడిదలా, కొంచెం జిడ్డుగా ఉంటుంది. నలభై నాణేల్లో అదే ముందు కంటికి తగులుతుంది. ఇవి కాక 1938 వరకు వచ్చిన దున్నపోతు బొమ్మ ఉన్నవి, 1950 డెన్వర్, 2009 రెండు ముద్రలవీ తీసిపెట్టండి. 2005 డెన్వర్ దున్న నికెల్‌లో ఒంటి మీదుగా బల్లెం గుచ్చినట్టు గీత ఉన్నది అచ్చు మీద పడిన గాటు వల్ల వచ్చింది. అది నాణెం మీద ఉబ్బెత్తుగా ఉంటుంది. లోతుగా తగిలితే అది ఎవరో చేసిన గాయం.

పెన్నీలు: డబ్బు తక్కువ, పని ఎక్కువ

చలామణి పెన్నీల తయారీ 2025 నవంబరు 12తో ఆగింది. దొరికే చోట ఇప్పుడే చూసుకోవడం మంచిది. 25 డాలర్లకే 2,500 నాణేలు చూసే అవకాశం మరే బాక్సూ ఇవ్వదు. కొత్తవారి కంటికి ఇంతకన్నా మంచి బడి లేదు.

మొదట బొరుసు చూడండి. రెండు గోధుమ కంకులుంటే 1909 నుంచి 1958 మధ్యది, తీసిపెట్టండి. తర్వాత బొమ్మ వైపు తిప్పి సంవత్సరాలు చూడండి. 1943 పెన్నీ ఉక్కుది, అయస్కాంతానికి అతుక్కుంటుంది. అసలైన రాగి 1943 చాలా అరుదు, కాబట్టి రాగి రంగుది దొరికితే ముందు అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే ఉక్కు మీద రాగి పూత. అతుక్కోకపోతే చివరి అంకెను భూతద్దంతో చూడండి, 1948లోని 8ని అరగదీసి 3 చేసినవి చాలా ఉన్నాయి.

1982 ఏడాది మధ్యలో లోహం మారింది. పాతది 95 శాతం రాగి, 3.11 గ్రాములు. కొత్తది జింకు మీద రాగి పూత, 2.5 గ్రాములు. పెద్ద తేదీ, చిన్న తేదీ అని రెండు రూపాలు కూడా ఉన్నాయి. చిన్న తేదీలో 2 అడుగు వంపు తిరిగి ఉంటుంది. లోహం, తేదీ, టంకశాల కలిపి ఏడు రకాలు మామూలుగా దొరుకుతాయి. ఎనిమిదోది డెన్వర్ చిన్న తేదీ రాగిది. అది 2016లో బయటపడింది. అందుకే డి ముద్ర, చిన్న తేదీ ఉన్న ప్రతి 1982 పెన్నీనీ తూచాలి. 3.1 చూపిస్తే ఇంకోసారి తూచి, నిపుణులకు చూపించండి.

'అమెరికా' అనే పదంలో ఎ, ఎమ్ అక్షరాల మధ్య ఎడం కూడా చూడాలి. 1992లో మామూలుగా అవి విడిగా ఉండాలి, కాళ్ళు దాదాపు తగులుకున్నట్టుంటే అరుదైనది. 1998, 1999, 2000లలో తిరగబడుతుంది: దగ్గరగా ఉన్నవి మామూలు, విడిగా ఉన్నవి తీసిపెట్టాల్సినవి.

జంట అచ్చులవి (అచ్చు తయారీలోనే బొమ్మ రెండుసార్లు పడినవి) మరికొన్ని: 1972లో తేదీ, అక్షరాలన్నీ రెండుగా, 1983లో బొరుసు అక్షరాలు, 1984లో లింకన్ చెవి తమ్మె, 1995లో 'లిబర్టీ', దాని పక్క మాటలు. కొత్తవారు ఎక్కువగా పొరపడేదీ ఇక్కడే. కొట్టేటప్పుడు అచ్చు కదిలినా అక్షరం రెండుగా కనిపిస్తుంది, దానికి విలువ లేదు. తేడా ఇదీ: అసలైన జంట అచ్చులో అక్షరం లావెక్కుతుంది, రెండు గీతలూ గుండ్రంగా ఉబ్బి, కొనల్లో చీలిక కనిపిస్తుంది. అచ్చు కదిలినదానిలో అక్షరం పక్కన నేలబారుగా మెట్టులా ఉంటుంది, అసలు అక్షరం సన్నబడుతుంది. జింకు పెన్నీల మీద పూత చీలి లోపలి జింకు బయటపడి అక్షరం పక్క నీలి-తెల్ల గీత కనిపిస్తుంది, అదీ విలువలేనిదే.

1981, అంతకు ముందరి రాగి పెన్నీలను దాచుకోవచ్చు. కరిగించడం మాత్రం నేరం, నికెల్స్ కూడా అంతే. ఐదేళ్ళ జైలు, పది వేల డాలర్ల జరిమానా దాకా ఉంది. ఇండియా వెళ్ళేటప్పుడు పెట్టెలో వేసుకెళ్ళేవారికి ఇంకోమాట: దేశం దాటేటప్పుడు వెంట తీసుకెళ్ళే పెన్నీలు, నికెల్స్ ఐదు డాలర్ల విలువ మించకూడదు. సేకరణ కోసమేనని స్పష్టంగా తెలిస్తే ఇరవై ఐదు.

దెబ్బతిన్నవి, పొరపాటున పుట్టినవి

టంకశాలలో జరిగిన పొరపాటుకే విలువ. బయట తిన్న దెబ్బకు లేదు. చంద్రవంకలా కొరికినట్టున్న నాణెం చేతికొస్తే కొరుకుడుకు సరిగ్గా ఎదురు అంచు చూడండి. బిళ్ళ కత్తిరించేటప్పుడే లోపం వస్తే అక్కడ గట్టు (చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే అంచు) చాలావరకు పలచబడుతుంది. గట్టు నిండుగా ఉంటే ఎవరో కోసినది కావచ్చు. ఒక వైపు రాగి రంగు ఉన్న క్వార్టర్‌ను తూచండి. పొర రాలినదైతే బరువు సుమారు గ్రాము తగ్గుతుంది. 5.67 ఉంటే రాగి పూత వేసినది, లేదా రంగు మారినది. అచ్చు అంచు విరిగితే నాణెం గట్టున లోహం ముద్దకట్టి, ఆ చోట బొమ్మే ఉండదు. అంచులు లోపలికి మడతపడి నాణెం కుంచించుకుపోతే అది బట్టల డ్రైయర్‌లో ఇరుక్కుని తిరిగినది.

కెనడా డైమ్, క్వార్టర్ 1920 నుంచి 1966 వరకు వచ్చినవైతే 80 శాతం వెండి. 1968వి అయస్కాంతానికి అతుక్కుంటే నికెల్, అతుక్కోకపోతే సగం వెండి.

దాచడం, అమ్మడం

కడగవద్దు. చింతపండు, నిమ్మకాయ, పళ్ళపొడి, వంటసోడా, ఏదీ వద్దు. ఇత్తడి చెంబును తోమినట్టు తోమితే మెరుపు వస్తుంది, ధర పోతుంది. పైపొరలో సన్నని గీతలు పడితే కొనేవారు ఒక్క చూపులో పట్టేస్తారు. మట్టి అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తని బట్టతో అద్దండి. మెత్తటి పీవీసీ సంచుల్లో పెట్టవద్దు, కాలక్రమంలో ఆకుపచ్చ జిగురు పడుతుంది. గట్టి ప్లాస్టిక్ లేదా అట్ట హోల్డర్లు వాడండి.

అమ్మకానికి పెట్టినవారు అడిగే ధర చూడకండి, నిజంగా అమ్ముడైన ధరలే చూడండి. గ్రేడింగ్‌కు (నాణెం స్థితిని నిపుణుల సంస్థతో తేల్పించడానికి) పంపే ఖర్చు, పోస్టేజీ కలిపి, దానికంటే ధర స్పష్టంగా పెరిగితేనే పంపండి.

చూసిన ప్రతి బాక్సుకూ తేదీ, శాఖ, దొరికినవి రాసిపెట్టుకోండి. వరసగా అనేక బాక్సుల్లో ఏమీ దొరకకపోవడం మామూలే. ఏ శాఖ నుంచి ఏం వస్తోందో ఆ పుస్తకమే చెబుతుంది.

తిరిగి చుట్టేటప్పుడు తీసిన నాణేల బదులు మామూలువి కలిపి లెక్క సరిచేయండి. చేత్తో లెక్కపెట్టడం విసుగైతే తూకం వేయొచ్చు: కాగితం తీసేసి నలభై మామూలు క్వార్టర్లు 226.8 గ్రాములు, యాభై డైమ్‌లు 113.4, నలభై నికెల్స్ 200. నాణేలు అరిగి ఉంటే కొద్దిగా తగ్గుతుంది. పెన్నీలకు మాత్రం తూకం పనికిరాదు, రాగివీ జింకువీ కలిసి ఉంటాయి కాబట్టి యాభై లెక్కపెట్టే చుట్టాలి. ఒక్క నాణెం తగ్గినా టెల్లర్ మీ చుట్టలన్నీ విప్పించి లెక్కపెట్టిస్తారు, మరోసారి మీ రోల్స్ తీసుకోవడానికి వెనకాడతారు.